ఒకే కవిత ఇద్దరికి పంపాడు, అపోలినేర్‌ది ప్రేమేనా?

పాతకాగితం:
మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రెంచి కవి గియోమ్ అపోలినేర్, పెద్దింటి ఆడపడుచు లూయీజ్ ద కొలిన్యీకి రాసిన ఉత్తరాలు మొన్ననే పూర్తిచేశాను. ఆవిడని లూ అని పిలిచేవాడు. రెండు వందలు దాటిన ఉత్తరాలు, మధ్యమధ్య కవితలు, చదువుతున్నంతసేపూ గుండె పట్టేసింది. తీరా చూస్తే ఫ్రంట్ (యుద్ధరంగం) నుంచి మదలేన్ అనే టీచరమ్మకి కూడా ప్రేమలేఖలు రాస్తున్నాడు! కొన్ని కవితలు ఇద్దరికీ వెళ్లాయి. జర్మన్ షెల్ (ఫిరంగి గుండు) తునకల్లోని అల్యూమినియం అరగదీసి చేసిన ఉంగరాలు కూడా ఇద్దరికీ. నా దృష్టిలో ఇది మోసమే. మీరేమంటారు?

తుమ్మపూలు:
తేదీలు ఒకసారి చూడండి. 1914 సెప్టెంబరులో దక్షిణ ఫ్రాన్సులోని నీస్‌లో పరిచయమైనప్పుడు లూ దూరంగానే ఉంది, డిసెంబరులో అతను ఫిరంగి దళంలో చేరి నీమ్ అనే ఊరు వెళ్లాక తనే వెతుక్కుంటూ వచ్చి ఓ వారం ఉంది. ఆవిడకి సైన్యంలోనే ఇంకో ప్రియుడున్నాడు, ఆ సంగతి కవికీ తెలుసు. 1915 మార్చి చివరికల్లా ఇక స్నేహితుల్లా ఉందామనుకున్నారు. ఏప్రిల్‌లో ఇతను షాంపేన్ ప్రాంతపు ఫ్రంట్‌కి వెళ్లాడు, మదలేన్‌కి రాయడం మొదలుపెట్టింది అప్పుడే. ఇందులో మోసం ఎక్కడుంది? జనవరి 30న లూకి రాసిన కవిత చదవండి. నేనక్కడ చచ్చిపోతే ఓ రోజు ఏడుస్తావు, తర్వాత నా జ్ఞాపకం షెల్ పేలినట్టు ఆరిపోతుంది అంటాడు, ఆ షెల్‌ని పూసిన మిమోజాతో పోలుస్తాడు. మిమోజా అంటే మన తుమ్మపూల చుట్టమే, నీస్ వైపు చలికాలంలో పసుప్పచ్చగా విరగబూస్తుంది. ఇద్దరూ తిరిగిన ఊరి పువ్వు అది. ఇది రాసిన మనిషిని అబద్ధాలకోరు అనడానికి నాకు నోరు రాదు.

గోదారిగట్టు:
ఇద్దరూ అతని గురించే మాట్లాడుతున్నారు. లూ సంగతో? టోపీ, కళ్లు, ముక్కు అన్నీ అక్షరాలతో పేర్చి ఆమె బొమ్మ గీశాడు, బావుంది. కానీ అవే ఉత్తరాల్లో కొరడా దెబ్బల ఊసులు, నువ్వు నా సొత్తు అన్న ధోరణీ ఉన్నాయి కదా. ఆమె 1963లో పోయింది, అతని ఉత్తరాలు 1969లో అచ్చయ్యాయి, ఆమె రాసినవాటిలో మిగిలినవి 2018 దాకా బయటికి రాలేదు. అన్నేళ్లూ చంచలమైన దొరసాని అన్న ముద్ర వేసుకుని బతికింది ఆమె పేరు. ఏకపక్షంగా విని తీర్పు చెప్పేశాం.

పాతకాగితం:
తుమ్మపూలు గారూ, లూ విషయంలో మీరన్నది ఒప్పుకుంటున్నా, తేదీలు నేను సరిగ్గా చూసుకోలేదు. కానీ మదలేన్‌కి అన్యాయం జరగలేదంటారా? ఆమె కలిసిందే 1915 జనవరి 2న, లూతో కొత్త సంవత్సరం గడిపి నీస్ నుంచి రైల్లో తిరిగొస్తున్నప్పుడు. ఆగస్టుకల్లా ఆమె తల్లికి ఉత్తరం రాసి పెళ్లికి అడిగాడు. లూకి ఉత్తరాలు మాత్రం 1916 జనవరి దాకా వెళ్తూనే ఉన్నాయి. ఆ మార్చి 17న కణతకి షెల్ ముక్క తగిలింది, ఆ తర్వాత మదలేన్‌కి రాయడం తగ్గించి, చివరికి మానేశాడు. 1918లో పెళ్లాడింది మరొకామెని, ఆ నవంబరు 9న ఫ్లూతో పోయాడు. లూకి రాసిన కవితలు 1947లో పుస్తకంగా వచ్చాయి. మదలేన్ అప్పటికి బతికే ఉంది. ఆ పుస్తకం తెరిచి, తన దగ్గర దాచుకున్న కవితే అందులో కనబడి ఉంటే ఆమెకి ఎలా ఉండి ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి.