చార్మినార్ పక్క గల్లీలు: కూల్చి ఫ్లాట్లు, పార్కింగ్ కట్టాలా?

షాలిబండ వాసి:
గుల్జార్ హౌజ్ అగ్ని ప్రమాదం తర్వాత మా ఇంట్లో రోజూ ఇదే గొడవ. 2025 మే 18న ఒక్క ఇంట్లో 17 మంది పోయారు. కింద నగల దుకాణాలు, పైన కాపురాలు, బయటికి రావడానికి ఇరుకు దారి. మా గల్లీలో వరసగా అలాంటి ఇళ్లే. అన్నీ తీసేసి లిఫ్టున్న ఫ్లాట్లు, పక్కన పార్కింగ్ కడితే తప్పేంటి? వారసత్వం అనేవాళ్లు ఒకసారి మా మెట్లెక్కి చూడండి.

గాజుల గల్లీ:
భాయ్, ఇళ్ల సంగతి సరే. పార్కింగ్ ఎవరికి? లోపల నాలుగంతస్తులది కడితే మూసీ వైపు నుంచొచ్చే కార్లు మదీనా చౌరస్తా దాటి పత్తర్‌గట్టి బజారు మీదుగా రావాలి. రంజాన్ నెలలో అక్కడ మనిషికే నడవడానికి సందుండదు. పైగా చార్మినార్‌కి 100 మీటర్ల లోపు కొత్త కట్టడానికి కేంద్ర పురావస్తు చట్టం ఒప్పుకోదు. కార్లు మూసీ దగ్గరే ఆపి, అక్కడి నుంచి బ్యాటరీ బండ్లు నడపమనండి. మా లాడ్ బజార్‌కి పెళ్లి బేరాలు నడిచొచ్చేవాళ్లతోనే.

పగిడీ కిరాయిదారు:
అసలు మాట ఎవరూ అనట్లేదు. మేం కిరాయికుండే ఇంటికి ఇప్పుడు ఓనర్లు పదకొండు మంది వారసులు, ఇద్దరు దుబాయ్‌లో. మా తాత పగిడీ, అంటే ముందే ఒకేసారి పెద్ద మొత్తం, కట్టి చేరాడు. నెల కిరాయి రెండు బిర్యానీల ఖర్చు కూడా కాదు. దాంతో కప్పు ఎవరు బాగుచేయిస్తారు? వానాకాలం రాగానే 'శిథిల భవనం' అని నోటీసు అంటించి పోతారు, అంతే. ఇదే గల్లీలో ఇల్లిస్తామని కాగితం రాసిస్తే మొదటి గడ్డపార నేనే పట్టుకుంటా. ఎక్కడో కొల్లూరులో ఇస్తామంటే మాత్రం రాను. నాది జరీ పని, సేటు దుకాణం ఇక్కడుంది.

రాతి కమాను:
కూల్చడమే పాపమని నేనూ అనను. 1908 మూసీ వరద తర్వాత 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. పత్తర్‌గట్టి వాళ్ల పనే: కింద దుకాణాలు, ముందు నీడకి రాతి వరండా, పైన ఇళ్లు. ఇవాళ మనం కాపాడమంటున్నదీ ఒకప్పటి కొత్త కట్టడమే! తేడా ఏంటంటే, వాళ్లు వీధంతటినీ ఒక్కటిగా చూసి కట్టారు. ఇప్పుడు ఎవరి ప్లాటులో వాళ్లు అద్దాల డబ్బా లేపుతున్నారు. మొజంజాహీ మార్కెట్‌ని కూల్చకుండానే బాగుచేశారుగా, అలా ఇక్కడ ఎందుకు కుదరదు?

షాలిబండ వాసి:
మార్కెట్లో రాత్రి ఎవరూ పడుకోరు భాయ్. అయినా పార్కింగ్ మాట వెనక్కి తీసుకుంటున్నా, గాజుల గల్లీ చెప్పింది నిజమే. నాక్కావాల్సింది రెండో మెట్లదారి. పాత గోడ ఉంచి అది పెట్టొచ్చంటే ఉంచండి, నాకేం కోపం?

పగిడీ కిరాయిదారు:
మెట్లకి పదకొండు సంతకాలు కావాలి. వైరింగ్‌కి అక్కర్లేదు. మా మెట్ల కింద ఒకే చెక్కబోర్డు మీద తొమ్మిది కరెంటు మీటర్లున్నాయి. ఆదివారం ఎలక్ట్రీషియన్‌ని పిలుస్తున్నా, మీ ఇల్లు కూడా చూపించాలా?