అప్‌డేట్: ఎం.టి.ఎ. సిమెంటుతో దంతగుజ్జు మూలకణాల మరణం, కారణం తెలిసింది

జ్ఞానదంతాల గుజ్జు నుంచి పెంచిన మూలకణాలపై ఎం.టి.ఎ. సిమెంటు (పంటి గుజ్జును కప్పడానికి దంతవైద్యులు వాడేది) నానిన మీడియం (కణాలను పెంచే పోషక ద్రవం) పోస్తే మరునాటికే చనిపోతున్నాయని, కారణమేమిటని ఇంతకుముందు అడిగాను. చెన్నైలోని మా ల్యాబులో ఆ చిక్కు వీడింది. స్పందించిన అందరికీ కృతజ్ఞతలు.

“ముందు పీహెచ్ చూడండి” అన్నవారి మాటే నిజమైంది. మీడియం ముదురు గులాబీ రంగుకు తిరిగి కనిపించింది, అంటే క్షారగుణం పెరిగిందన్నమాట. ఈ సిమెంటు నీటితో కలిసినప్పుడు కాల్షియం హైడ్రాక్సైడ్ పుడుతుంది, తాజా ముద్ద పీహెచ్ 12 దాకా వెళ్తుంది. పంటిలో రక్తప్రసరణ ఆ క్షారాన్ని పలచన చేస్తుంది. కల్చర్ ప్లేటులో ఆ వీలు లేదు.

గైడు సలహాతో సిమెంటును 37 డిగ్రీల తేమలో 24 గంటలు గట్టిపడనిచ్చి, ఆ తర్వాతే మీడియంలో నానబెట్టి, వరుస పలచనలు చేశాం. 1:4 దగ్గర కణాలు నిలదొక్కుకున్నాయి. సూక్ష్మదర్శినిలో మళ్లీ కదురు ఆకారంలో, ప్లేటుకు అతుక్కుని కనిపించాయి! బతికున్న కణాలను అంచనా వేసే ఎం.టి.టి. పరీక్షలోనూ, వైద్య పరికరాల విషప్రభావాన్ని కణాలపై పరీక్షించే ప్రమాణం ఐ.ఎస్.ఒ. 10993-5 చెప్పే 70 శాతం హద్దు దాటాయి.

ఇతర కారణాలూ చూశాం: మీడియంలో కలిపే సీరం మార్చినా తేడా రాలేదు, కల్చర్లను పాడుచేసే మైకోప్లాస్మా బ్యాక్టీరియా లేదు. ఆమ్లం కలిపి పీహెచ్ తగ్గించమన్న సలహా మాత్రం పాటించలేదు. గుజ్జుపై గట్టి పొర ఏర్పడటంలో ఆ క్షారగుణానికీ పాత్ర ఉంది. దాన్ని తీసేస్తే పరీక్షించేది వేరే పదార్థమే అవుతుంది.