ఆక్స్‌ఫర్డ్‌లో ఫ్రెంచ్, ఇటాలియన్ చదువు: అక్కడి విద్యార్థి జీవితం ఎలా ఉంటుంది?

ప్రశ్న

నమస్కారం. మేము హైదరాబాదులో ఉంటాము. మా అమ్మాయికి ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆధునిక భాషల కోర్సులో సీటు వచ్చింది. బడిలో నేర్చుకున్న ఫ్రెంచ్‌తో పాటు ఇటాలియన్‌ను అక్కడ ఓనమాల నుంచి మొదలుపెడుతుంది. ఇంజనీరింగ్‌కు, ఎం.ఎస్.కు వెళ్లిన పిల్లలు మా బంధువుల్లో చాలామంది ఉన్నారు గానీ భాషలు చదవడానికి వెళ్లినవారు ఒక్కరూ లేరు. వారమంతా ఏం చదివిస్తారు, గౌన్లు, లాటిన్ ప్రార్థనలు ఉండే ఆ పాతకాలపు వాతావరణంలో పిల్ల ఇమడగలదా, మూడో ఏడు వేరే దేశంలో ఉండాలంటే ఎలా అన్నవి తెలిసినవారు చెప్పగలరు.

మొదటి సమాధానం

నమస్కారమండీ, మీ అమ్మాయికి అభినందనలు. నేను అక్కడే ఫ్రెంచ్, స్పానిష్ నాలుగో ఏడు చదువుతున్నాను. సంప్రదాయాల గురించి మీరు దిగులు పెట్టుకోనక్కరలేదు. అసలు కష్టం టర్మ్ నడిచే వేగంలో ఉంటుంది. మైకెల్‌మస్, హిలరీ, ట్రినిటీ అనే మూడు టర్ములూ ఎనిమిదేసి వారాలే కాబట్టి, ఒక నవలో నాటకమో చదివి, దానిపై వచ్చిన విమర్శను లైబ్రరీలో వెతుక్కుని, వ్యాసం రాసి పంపేసరికి తరువాతి వ్యాసం నెత్తిమీద ఉంటుంది. ట్యుటోరియల్‌లో ఆచార్యుల ఎదుట ఇద్దరమో ముగ్గురమో కూర్చుంటాము. వ్యాసంలో మనం ధీమాగా రాసిన వాక్యం ఒకటి తీసి, "ఇది మూలంలో ఎక్కడుందో చూపించండి" అని అడుగుతారు. అప్పుడు పుస్తకం తెరిచి ఆ పంక్తి చూపించగలగాలి. నిజంగా చదవడమంటే ఏమిటో నాకు ఆ గదిలోనే తెలిసింది.

మాట్లాడటం నేర్పే కోర్సు అనుకుని వచ్చినవారు మొదట తికమకపడతారు. అనువాదం, వ్యాకరణం, సంభాషణ తరగతులు ప్రతివారం ఉన్నా, చదువులో పెద్ద భాగం సాహిత్యమే. మొదటి ఏడాది చివర జరిగే ప్రిలిమ్స్ తప్పనిసరిగా ప్యాసవ్వాలి గానీ ఆ మార్కులు డిగ్రీలో కలవవు.

గౌను, దాని లోపల నలుపు తెలుపు దుస్తులు మెట్రిక్యులేషన్ వేడుకకు (విశ్వవిద్యాలయంలో లాంఛనంగా చేర్చుకునే రోజు), రాతపరీక్షలకు తప్పవు. పరీక్షల్లో మొదటిదానికి తెల్లని కార్నేషన్ పువ్వు, మధ్యవాటికి గులాబీరంగుది, చివరిదానికి ఎర్రనిది గౌనుకు పెట్టుకుంటాము. ఈ దుస్తులు ఉండాలా వద్దా అని 2015లో విద్యార్థులను ఓటు అడిగితే ఉండాలనే ఎక్కువమంది అన్నారు. అందరూ ఒకే నలుపు తెలుపుల్లో ఉంటారు కనుక, ఎవరు ఏ దేశం నుంచి, ఎలాంటి ఇంటి నుంచి వచ్చారన్నది ఆ రోజు కనిపించదు. నాకు అది ఎంతో ధైర్యాన్నిచ్చింది.

మీ అమ్మాయి ఎక్కువకాలం గడిపే చోటు టేలర్ ఇన్‌స్టిట్యూషన్ లైబ్రరీ. వాస్తుశిల్పి రాబర్ట్ టేలర్ రాసిచ్చిన ఆస్తితో 1845 నాటికి సిద్ధమైన ఆ భవనం స్తంభాలపై ఫ్రాన్స్, ఇటలీ, జర్మనీ, స్పెయిన్‌లకు ప్రతీకలుగా నాలుగు స్త్రీమూర్తులు నిలబడి ఉంటాయి. ఋగ్వేదాన్ని అచ్చువేసిన మాక్స్ ముల్లర్ 1854లో ఆచార్యుడైంది ఈ సంస్థ తరఫునే, అదీ ఆధునిక ఐరోపా భాషలకు. మన చదువుకూ ఆ మెట్లకూ బంధుత్వం ఉందని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

రెండో సమాధానం

నేను ఈ కోర్సు ముగించి ఉద్యోగంలో ఉన్నాను కాబట్టి మూడో ఏడు గురించి చెబుతాను. ఏదైనా బడిలో ఇంగ్లీషు సహాయకులుగా చేరవచ్చు, అక్కడి విశ్వవిద్యాలయంలో చదవవచ్చు, లేదా ఉద్యోగం చూసుకోవచ్చు. రెండు భాషలవారు ఏడాదిని రెండు దేశాలకు పంచుకోవడమూ ఉంది. భారత పాస్‌పోర్టు ఉన్నవారు షెంగెన్ వీసాపై (ఐరోపాలోని చాలా దేశాలకు కలిపి ఇచ్చే స్వల్పకాల వీసా) నూట ఎనభై రోజుల్లో తొంభై రోజులకు మించి ఉండలేరు. కనుక ఫ్రాన్స్‌కూ ఇటలీకీ వేరువేరుగా దీర్ఘకాల వీసాలు తీసుకోవలసి వస్తుంది. రెండో ఏడు మధ్యలోనే కాలేజీతో మాట్లాడి కాగితాల పని మొదలుపెట్టమనండి. ఆ ఏడాది ఫీజు తగ్గుతుంది గానీ ఇంటి అద్దె, ప్రయాణాల ఖర్చు మీదే. శ్రమకు తగ్గ ఫలితం మాత్రం ఉంటుంది: పుస్తకంలో చదివిన భాషలో ఇంటి యజమానితో అద్దె బేరమాడి వచ్చిన పిల్లలు నాలుగో ఏట మౌఖిక పరీక్షకు బెదరరు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. వెళ్లేలోపు ఈ వేసవిలో ఏం చేయించమంటారు?

మొదటి సమాధానం ఇచ్చినవారు

కాలేజీ పంపే పుస్తకాల జాబితాలోని ఫ్రెంచ్ పుస్తకాలను ఇప్పుడే పూర్తిగా చదివించండి, టర్మ్‌లో రెండోసారి చదవడానికే సమయం దొరుకుతుంది. ఇటాలియన్‌లో క్రియారూపాలు కంఠతా వస్తే చాలు, మిగతాది వాళ్లు నేర్పుతారు. మరొక మాట: చాలా కాలేజీల్లో టర్మ్ ముగియగానే గది ఖాళీ చేయాలి. సెలవుల్లో సామాను దాచుకునే వసతి విదేశీ విద్యార్థులకు ఉందేమో ఇప్పుడే ఉత్తరం రాసి కనుక్కోండి.