పసిఫిక్ ద్వీప దేశాల కార్మిక వలసల నిర్వహణ గురించి సలహా కావాలి

పసిఫిక్ ద్వీప దేశాల కార్మిక వలసలపై వ్యాసం రాస్తూ ఒకచోట ఆగిపోయాను. తెలిసినవారు దారి చూపగలరని అడుగుతున్నాను. న్యూజిలాండ్ 2007లో, ఆస్ట్రేలియా 2012లో మొదలుపెట్టిన సీజనల్ కార్మిక పథకాల కింద వనువాటు, సమోవా, టోంగా దేశాల నుంచి వేలాది మంది వెళ్లి, పండ్ల తోటల్లో నెలల తరబడి పనిచేసి తిరిగి వస్తుంటారు. వారు పంపే డబ్బుతో ఇళ్లు లేస్తున్నాయి, పిల్లల చదువులు సాగుతున్నాయి. కానీ జనాభా సుమారు మూడు లక్షలే ఉన్న వనువాటు వంటి దేశంలో, పనిచేసే వయసువారు అంతమంది ఒకేసారి కదిలిపోతే ఊళ్లో సేద్యానికీ, పట్టణంలో హోటళ్లకూ మనుషులు దొరకని పరిస్థితి వస్తోంది. నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది ఇదే.

కొద్దిపాటి సిబ్బందితో నడిచే కార్మిక శాఖ, ఏ గ్రామం నుంచి ఎందరిని పంపాలన్న పరిమితిని, పాత కార్మికులనే మళ్లీ కోరుకునే విదేశీ యజమానుల ముందు ఎలా నిలబెట్టుకోగలదు? విమాన ఛార్జీలు, వసతి పేరిట జీతంలో జరిగే కోతలపై కార్మికుడు భయం లేకుండా ఫిర్యాదు చేయాలంటే, వీసా ఒకే యజమానికి ముడిపడి ఉన్నంతకాలం అది సాధ్యమేనా? గల్ఫ్ వలసల్లో మన కుటుంబాలకూ ఈ చిక్కు తెలిసిందే కనుక, తెలంగాణ ప్రభుత్వ నియామక సంస్థ టామ్‌కామ్ పనితీరు దగ్గరగా చూసినవారు కూడా తమ అనుభవం చెబితే ఎంతో మేలు చేసినవారవుతారు.