ఫర్-ఈచ్ తీసేసి టెంప్లేట్లు పెడితే రిపోర్టు స్పీడవుతుందా?

ప్రశ్న, చిత్తూరు నుంచి:
అన్నా, ఇక్కడ ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి తోతాపురి రైతుల చెల్లింపు రిపోర్టు చేస్తున్నాను. తూకం చీటీలన్నీ ఒకే ఎక్స్ఎమ్ఎల్ ఫైల్లో వస్తాయి, ఎక్స్ఎమ్ఎల్‌ను పేజీగా మార్చే భాష ఎక్స్ఎస్ఎల్‌టీ 1.0తో పేజీ చేస్తాం. రైతుల మీద ఒక ఫర్-ఈచ్ లూప్, దాని లోపల ఆ రైతు చీటీల మీద ఇంకొకటి. సీజన్ మొదట్లో బాగానే ఉండింది, లోడ్లు పెరిగాక కౌంటర్ ముందు రైతులు నిలబడే ఉంటారు, పేజీ మాత్రం రాదు. ఫర్-ఈచ్‌లన్నీ తీసి టెంప్లేట్ మ్యాచింగ్, అంటే ఒక్కో రకం ఎలిమెంట్‌కు విడిగా ఒక టెంప్లేట్ రాసే పద్ధతి, పెట్టమంటున్నారు మా సీనియర్. చాలా టెన్షన్‌గా ఉంది, నిజంగా తేడా ఉంటుందా?

జవాబు, తిరుపతి నుంచి:
తమ్ముడూ, ఒక్క స్పీడు కోసమైతే ఆ పని పెట్టుకోవద్దు. ఫర్-ఈచ్ అయినా, టెంప్లేట్లను పిలిచే అప్లై-టెంప్లేట్స్ అయినా, ఫైల్లోని కొన్ని నోడ్లు (ఎలిమెంట్ల లాంటివి) తీసుకుని ఒక్కోదానికీ పని చేయడమే, తేడా చాలా తక్కువ. లోపలి ఫర్-ఈచ్‌కు ఏ నోడ్లు కావాలో చెప్పే సెలెక్ట్‌లో ఏం రాశావో చూడు. రెండు స్లాష్‌లతో మొదలుపెట్టి చీటీలోని కోడ్‌ను రైతు కోడ్‌తో పోల్చి ఉంటే, మామూలుగా ప్రతి రైతుకూ ఫైలంతా మళ్లీ మొదటి నుంచి వెతుకుతుంది. 2,000 మంది రైతులు, 10,000 చీటీలు అనుకో, 2 కోట్ల పోలికలు! టెంప్లేట్లు పెట్టినా ఆ సెలెక్ట్ అట్లే ఉంటే అదే నత్తనడక. స్టైల్‌షీట్ (నీ ఎక్స్ఎస్ఎల్‌టీ ఫైల్) పైభాగంలో ఎక్స్ఎస్ఎల్ కీ ఒకటి పెట్టు, ఏ రైతుకు ఏ చీటీలో చూపే ఇండెక్స్ అన్నమాట, మ్యాచ్‌లో చీటీ, యూజ్‌లో రైతు కోడ్. లోపల కీ ఫంక్షన్‌తో తెచ్చుకో. ఇండెక్స్ ఒక్కసారే తయారవుతుంది.

ప్రశ్న:
కీ పెట్టాను అన్నా, పేజీ వెంటనే వచ్చేస్తోంది. ఇంక టెంప్లేట్ల జోలికి పోనక్కర్లేదా?

జవాబు:
పోవాలి, కానీ వేరే కారణానికి. రేపు చీటీలో తరుగు అనీ అడ్వాన్స్ అనీ కొత్త ఎలిమెంట్లు కలిపారంటే, ఇప్పుడున్న పద్ధతిలో ఆ పొడవాటి లూప్ లోపలికి దిగి షరతులు రాసే చూజ్‌లో ఇంకో వెన్ దూర్చాలి, అది ఆర్నెల్ల తర్వాత నీకే అర్థం కాదు. టెంప్లేట్లయితే తరుగుకు ఒకటి విడిగా రాస్తే చాలు, పాతవి కదిలించే పనే లేదు. ఇంకో లాభం, స్టైల్‌షీట్‌ను నడిపే ఎక్స్ఎస్ఎల్‌టీప్రాక్ ప్రోగ్రామ్‌ను ప్రొఫైల్ ఆప్షన్‌తో నడిపితే టైమ్ టెంప్లేట్ల వారీగా చూపిస్తుంది. అంతా ఒకే టెంప్లేట్‌లో కుక్కితే ఒక్క లైనే వస్తుంది, ఎక్కడ ఆలస్యమో తెలియదు. ఒక్కటి మాత్రం జాగ్రత్త, టెంప్లేట్ రాయని ఎలిమెంట్‌లోని అక్షరాలు అట్లే పేజీలో పడిపోతాయి, అక్కర్లేనివాటికి ఖాళీ టెంప్లేట్ పెట్టు. ఎప్పటికీ మారని చిన్న పట్టికలకు ఫర్-ఈచ్ ఉంచేయ్, తప్పేం లేదు. సీజన్ అయ్యాక నిదానంగా మార్చుకో, ఇప్పుడు చెల్లింపులు జరుగుతుండగా ముట్టుకోవద్దు.