బత్తాయి రసం కొద్దిసేపటికే చేదెక్కుతోంది, ఎందుకు?

నిడమనూరు తోట:
మాది సాత్‌గుడి బత్తాయి తోట. రసం పిండిన వెంటనే తాగితే బాగుంటుంది. పొద్దున పిండి ఫ్రిజ్‌లో పెట్టింది మధ్యాహ్నానికి చేదు. మందు కొట్టడం వల్లేనని మా బావమరిది వాదన. ఇంకో సందేహం. సీతాఫలం కాయను గడ్డిలో మాగవేస్తే తియ్యబడుతుంది కదా, తొందరపడి కోసిన బత్తాయి గంపలో ఎన్నాళ్లున్నా తీపి పెరగదేమి?

కెమిస్ట్రీ మాష్టారు, నల్లగొండ:
రెండోది తేలిక. సీతాఫలం చెట్టు మీద ఉండగానే పిండిపదార్థం దాచుకుంటుంది. మాగేటప్పుడు అదే గ్లూకోజ్, ఫ్రక్టోజ్, సుక్రోజ్ అవుతుంది. బత్తాయికి ఆ నిల్వ లేదు. ఆకులు పంపే సుక్రోజే దిక్కు, తొడిమ తెగితే అదీ బంద్.

ఇక చేదు. పాపం మందును అనకండి. ఆ చేదు లిమోనిన్ అనే పదార్థానిది. తొనల పొరల్లో, గింజల్లో దాని ముందు రూపం ఒకటి ఉంటుంది, దానికి చేదు లేదు. పిండినప్పుడు రసంలోని ఆమ్లం తగిలి మెల్లగా లిమోనిన్‌గా మారుతుంది. లీటరుకు సుమారు 6 మిల్లీగ్రాములున్నా నాలుక పట్టేస్తుంది. కాయ చెట్టు మీదే పక్వానికి వస్తే, ఆ ముందు రూపానికి చెట్టు ఒక గ్లూకోజ్ అణువును తగిలిస్తుంది. తగిలించాక చేదు రాదు. చక్కెర అంటే మనకు తీపి, చెట్టుకు అది పనిముట్టు కూడా. సి విటమిన్ తయారు చేసుకునేదీ గ్లూకోజ్ నుంచే. తొక్కలోని హెస్పెరిడిన్ అనే పదార్థానికైతే గ్లూకోజ్‌తో పాటు రామ్నోజ్ అనే ఇంకో చక్కెర కూడా అతికి ఉంటుంది.

బాలానగర్ కోడలు:
అయితే మాష్టారూ, గ్లాసులో రెండు చెంచాల గ్లూకోజ్ పొడి కలిపితే ఆ చేదు విరుగుతుందా? పిల్లలకు నేను చక్కెర వేసే ఇస్తున్నాను.

కెమిస్ట్రీ మాష్టారు, నల్లగొండ:
విరగదమ్మా. నాలుకకు తెలియకుండా కాస్త కప్పుతుంది, అంతే. లిమోనిన్ గ్లాసులోనే ఉంటుంది. చెట్టులో ఆ అతుకు వేసేది ఒక ఎంజైము. దానికి కావలసింది డబ్బాలోని పొడి కాదు, యూడీపీ-గ్లూకోజ్ అనే రూపం. అది బతికున్న కణంలోనే తయారవుతుంది.

నిడమనూరు తోట:
అంటే రేటు బాగుందని దళారి ముందే కోయించిన కాయకే ఈ చేదు ఎక్కువన్నమాట. మా ఇంట్లో తొనలు గింజలతో సహా మిక్సీలో తిప్పుతారు, అదీ కారణమేనా?

కెమిస్ట్రీ మాష్టారు, నల్లగొండ:
రెండూ నిజమే. మిక్సీ మానండి. అడ్డంగా కోసి చేత్తో పిండి, గింజ నలగకుండా వడకట్టండి. నిల్వ పెట్టాలనుకుంటే రసం కాదు, కాయలు పెట్టుకోండి.