సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన సంతకం అసలుదేనా?

బెజవాడ_ఆఫ్‌స్పిన్:
అందరికీ నమస్కారం. 2011 ప్రపంచకప్ ఫైనల్ జెర్సీ అని ఆన్‌లైన్‌లో ఒకటి అమ్మకానికి పెట్టారు. అద్దాల ఫ్రేములో బిగించి ఉంది. ఛాతీ మీద పెద్దగా సహారా అని ఉంది, దాని కింద ధోని సంతకం. వెనకాల హోలోగ్రామ్ అంటించిన సర్టిఫికెట్. నాన్నగారి రిటైర్మెంట్‌కి కానుకగా ఇద్దామని ఆశ. సర్టిఫికెట్ ఉంది కాబట్టి భయపడక్కర్లేదని అమ్మేవాడు అంటున్నాడు. మన కళ్లెదుట పెట్టించుకున్న సంతకం తప్ప మిగతావన్నీ దండగేనని మా బావ అంటున్నాడు. ఎవరి మాట నమ్మాలి?

డల్లాస్_తెలుగోడు:
మీ బావగారి మాటే నాదీ. అమెరికాలో బేస్‌బాల్ అభిమానులు దీని దెబ్బ బాగా తిన్నారు. 1990ల చివర్లో శాన్‌డియాగోలో ఎఫ్‌బీఐ ఒక పెద్ద ముఠాను పట్టుకుంది. ఆ దర్యాప్తు పేరు ఆపరేషన్ బుల్‌పెన్. వాళ్ల దగ్గర మదర్ థెరిసా సంతకం చేసిన బేస్‌బాల్ బంతులు కూడా దొరికాయంటే ఎంత తెగించారో చూడండి. అసలు సంగతి ఏంటంటే, ఆ దొంగ సరుకు సర్టిఫికెట్లతో సహా షాపుల్లోకి వెళ్లింది. సంతకాన్నే దొంగగా పెట్టగలిగినవాడికి సర్టిఫికెట్ ప్రింట్ చేయించడం ఎంతసేపు?

ఆ తర్వాత 2001లో మేజర్ లీగ్ బేస్‌బాల్ సొంత పద్ధతి మొదలుపెట్టింది. పోలీసు శాఖల్లో పనిచేస్తున్నవాళ్లు, రిటైరైనవాళ్లు పక్కనే నిలబడి చూస్తారు. చూసిన వస్తువుకే నంబరున్న హోలోగ్రామ్ అంటిస్తారు. చూడనిదాన్ని వాళ్ల నిపుణుడైనా ముట్టుకోడు. నా దృష్టిలో నమ్మదగిన పద్ధతి అదొక్కటే.

పాత_స్కోరుకార్డు:
ఆఫ్‌స్పిన్ గారూ, సర్టిఫికెట్ సంగతి కాసేపు పక్కన పెట్టండి. ఛాతీ మీద సహారా అని ఉందన్నారు కదా? ఐసీసీ టోర్నీల్లో స్పాన్సర్ పేరు ఛాతీ మీద ఉండకూడదు. అక్కడ దేశం పేరే ఉంటుంది, స్పాన్సర్ పేరు చేతి మీదకి పోతుంది. 2011 ఏప్రిల్ 2న వాంఖడేలో మనవాళ్లు వేసుకున్న జెర్సీ ఛాతీ మీద ఇండియా అనే ఉంది. ఆ రాత్రి ఫొటోలు ఏవి తీసి చూసినా తెలిసిపోతుంది. మీకు చూపించినది మామూలు ద్వైపాక్షిక సిరీస్ జెర్సీ. సంతకం దాకా వెళ్లకముందే కథ తప్పని తేలిపోయింది.

నేను ఎప్పుడూ ముందు వస్తువునే చూస్తాను. బేస్‌బాల్ దిగ్గజం బేబ్ రూత్ 1948లో చనిపోయాడు. జో క్రోనిన్ అమెరికన్ లీగ్ అనే బేస్‌బాల్ లీగ్‌కు అధ్యక్షుడైంది 1959లో. ఆ కాలంలో లీగ్ బంతుల మీద అధ్యక్షుడి పేరు ముద్ర వేసేవాళ్లు. క్రోనిన్ ముద్ర ఉన్న బంతి మీద రూత్ సంతకం కనిపిస్తే ఇక భూతద్దం తీయాల్సిన పనే లేదు.

డల్లాస్ గారితో నాకు పేచీ ఒక్కచోటే. సాక్షి లేనిదంతా దండగ అంటే మన సి.కె. నాయుడు గారి సంతకాలు ఏం కావాలి? నాగపూర్‌లో తెలుగు ఇంట పుట్టి, 1932 జూన్ 25న లార్డ్స్‌లో భారత్ ఆడిన మొట్టమొదటి టెస్టుకు కెప్టెన్‌గా దిగిన మనిషి. ఆ పర్యటన నాటి సంతకాల కాగితాలకు ఈరోజు సాక్షిని ఎక్కడినుంచి తెస్తాం? వాటిని గాలికొదిలేస్తే మన క్రికెట్ చరిత్రలో ఒక ముక్కను మనమే పారేసుకున్నట్టు.

బెజవాడ_ఆఫ్‌స్పిన్:
సహారా విషయం అడిగితే అమ్మేవాడు మాట మార్చాడు. జెర్సీ ఫైనల్‌ది కాకపోయినా సంతకం మాత్రం ధోనీదే అంటున్నాడు. అది నిజమయ్యే అవకాశం లేదా?

సిరా_మరక:
ఉంది. కథ అబద్ధమైనంత మాత్రాన సంతకం దొంగది కావాలని లేదు. ఎవరో అభిమాని షాపులో కొన్న జెర్సీ మీద నిజంగానే సంతకం పెట్టించుకుని ఉండొచ్చు, తర్వాత చేతులు మారినప్పుడు "ఫైనల్" అనే మాట వచ్చి చేరి ఉండొచ్చు.

నేను దస్తావేజుల పరిశీలన చదువుకున్నవాణ్ణి, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. సంతకం పోలికలో చాలామంది అక్షరాల ఆకారం చూస్తారు. దొంగ బాగా సాధన చేసేది సరిగ్గా దాన్నే. చూడాల్సింది గీత వేగం. సంతకం అలవాటైన చేయి కాగితాన్ని తాకకముందే కదులుతూ ఉంటుంది, వదిలేటప్పుడూ ఆగదు. అందుకే గీత మొదలూ చివరా సన్నగా తేలిపోతాయి. చూసి గీసేవాడు పెన్ను ఆనించి, ఆలోచించి, మెల్లగా లాగుతాడు. రెండు కొసలూ మొద్దుగా ఉంటాయి, మలుపుల దగ్గర చిన్న వణుకు, ఆగిన చోట సిరా చుక్కలా ఊరుతుంది. పది రెట్ల భూతద్దంలో ఇవన్నీ కనిపిస్తాయి. ప్రింట్ చేసిన సంతకమైతే గీతకు బదులు చుక్కల వరుసలు కనిపిస్తాయి. ఫొటో మీద సంతకమైతే వెలుతురుకు ఏటవాలుగా పట్టుకోండి, సిరా పైపొరలా మెరవాలి.

ఇంకొకటి. ఒకే మనిషివి రెండు సంతకాలు ఒకదాని మీద ఒకటి పెట్టినప్పుడు గీతకు గీత అతికినట్టు సరిపోతే సంతోషించకండి. ఏ మనిషీ రెండుసార్లు అచ్చం ఒకేలా సంతకం పెట్టడు. అది ఆటోపెన్ (సంతకాన్ని యథాతథంగా మళ్లీ గీసే) మిషన్ పనో, ప్రింటో అయి ఉండాలి.

నాయుడు గారి కాగితం విషయంలోనూ దారి ఉంది. అతినీలలోహిత కాంతి టార్చి కింద పెట్టండి. కాగితం తెల్లగా మెరవడానికి కలిపే రసాయనాలు 1950 ప్రాంతం నుంచే వాడుకలోకి వచ్చాయి. 1932 నాటిదని చెప్పే కాగితం నీలంగా మెరిసిపోతే కథ అక్కడితో అయిపోయింది. బాల్‌పెన్ మార్కెట్లోకి వచ్చిందే 1940లలో, కాబట్టి సిరా కూడా చూడాలి.

డల్లాస్_తెలుగోడు:
మరక గారూ, చాలా బాగా చెప్పారు. కానీ మీరు చెప్పిన పరీక్షలన్నీ "ఇది కాదు" అని తేల్చేవే. ఒక్కటైనా "ఇది అవును" అని తేల్చుతుందా? పాత పుస్తకంలోంచి ఖాళీ కాగితం చింపి, పాళీ పెన్నుతో, చేయి తిరిగినవాడు వేగంగా పెడితే మీ టార్చీ, భూతద్దమూ రెండూ పాస్ చేస్తాయి.

సిరా_మరక:
నిజమే, కాదని తేల్చినంత ధీమాగా అవునని చెప్పలేం. అందుకే నిజాయితీ ఉన్న నిపుణుడు "నా అభిప్రాయంలో" అని రాసిస్తాడు. దాన్ని గ్యారంటీ అని అమ్మడం దగ్గరే మోసం మొదలవుతుంది. ఆ అభిప్రాయానికి బలం రావాలంటే అదే కాలపు అసలు సంతకాలు చాలా దగ్గర పెట్టుకుని పోల్చాలి. కుర్రాడిగా పెట్టిన సంతకం వేరు, బస్సెక్కుతూ గుంపులో పెట్టింది వేరు, బల్ల ముందు కూర్చుని వందల బ్యాట్ల మీద పెట్టింది వేరు.

పాత_స్కోరుకార్డు:
సంతకం ఎలా చేతులు మారిందో కూడా చూడాలి. ఎవరు పెట్టించుకున్నారు, ఎక్కడ, ఎవరి ద్వారా వచ్చింది, ఆ రోజు ఆటగాడు ఆ ఊళ్లో ఉన్నాడా. నాయుడు గారి కాగితం వెంట ఆనాటి ఉత్తరమో, తేదీ ఉన్న ఫొటోనో ఉంటే నాకు పది సర్టిఫికెట్ల కంటే ఎక్కువ. బ్రాడ్‌మన్ సంతకాలకు ఈ బాధ తక్కువ. ఆయన ముసలితనంలో కూడా అభిమానుల ఉత్తరాలకు ఓపిగ్గా జవాబులు రాసేవాడు, అందువల్ల పోల్చడానికి అసలువి బోలెడు ఉన్నాయి. అసలువి అంత దొరుకుతుంటే అనుమానమున్నదాని కోసం డబ్బు పెట్టకండి.

బెజవాడ_ఆఫ్‌స్పిన్:
సంతకాన్ని దగ్గరగా, ఫ్రేమ్ లోంచి తీసి ఫొటో పంపమని అడిగాను. ఫ్రేమ్ విప్పితే గ్యారంటీ పోతుందట. సర్టిఫికెట్ మీద నంబరు వెతికితే రికార్డు ఏదీ దొరకలేదు.

డల్లాస్_తెలుగోడు:
అయితే వదిలేయండి బ్రదర్.

సిరా_మరక:
ఫ్రేమ్ విప్పనివ్వనివాడి దగ్గర నేనూ కొనను. మరీ కావాలనిపిస్తే సంతకం లేని పాత జెర్సీ ధర ఇస్తానని చెప్పి చూడండి. సంతకం నిజమైతే మీ అదృష్టం, కాకపోయినా జెర్సీ మిగులుతుంది.

డల్లాస్_తెలుగోడు:
దీనికి మాత్రం నేను ఒప్పుకోను. తక్కువ ధరకైనా కొంటే అదే ముఠా ఇంకొకటి తయారుచేస్తుంది. నాన్నగారికి ఆ రాత్రి మ్యాచ్ టికెట్టో, మర్నాటి తెలుగు పేపరో సంపాదించి ఫ్రేమ్ కట్టించండి.

పాత_స్కోరుకార్డు:
2011 ఏప్రిల్ 3 నాటి పేపరు నా దగ్గర రెండు కాపీలు ఉన్నాయి. అడ్రస్ మెసేజ్ పెట్టండి, ఒకటి పంపిస్తాను.